మాఘంలో పూసే పేరు

మా జేజి పేరు మొల్లమ్మ. ఓటర్ల జాబితాలో మాత్రం ఆమె పోయేదాకా మల్లమ్మే. పేర్లు సరిచూసుకోవడానికి ఇంటికి వచ్చిన వాళ్ళతో ప్రతిసారీ "మల్లమ్మ కాదు నాయనా, మొల్లమ్మ" అని చెప్పేది. వాళ్ళు తల ఊపేవాళ్ళు, కాగితం మీద ఏదో గీసుకునేవాళ్ళు, మళ్ళీ ఎన్నికలొచ్చేసరికి మల్లమ్మగానే తెచ్చేవాళ్ళు. జేజి మళ్ళీ అదే మాట, అంతే నిదానంగా చెప్పేది. ఆమె విసుక్కోవడం నేను ఎన్నడూ చూడలేదు.

ఆ పేరే నాకూ పెట్టినారు. మా ఇండ్లలో మొదటి ఆడబిడ్డకు జేజి పేరు రావల్సిందే. 1966లో నేను పుట్టినప్పుడు చివరి "అమ్మ"ను తీసేసి మొల్ల అని ఉంచినారు. మా నాయన మాత్రం కన్నతల్లి పేరు పెట్టి కూతుర్ని పిలవలేక, నేను పెద్దదాన్నయ్యేదాకా "పాపా" అనే పిలిచినాడు. ఎప్పుడన్నా కోపం వస్తే కూడా ఆ పేరు నోట్లోకి వచ్చేది కాదు. తల్లిని తిట్టినట్టవుతుందని ఆయన భయం.

మాది కడప జిల్లా, బద్వేలు దగ్గర ఒక పల్లె. కుమ్మరోళ్ళం. ఇంటిముందు కొట్టంలో సారె, పెరట్లో కుండలు కాల్చే ఆము. ఆముకూ వెనక గోడకూ మధ్య, నీళ్ళ తొట్టి పక్కన, జేజి నాటుకున్న మొల్ల చెట్టు ఉండేది. చెట్టు అంటాను గానీ అది తీగా కాదు, పొదా కాదు. ఆనుకోవడానికి ఏదన్నా దొరికితే పాకుతుంది, దొరక్కపోతే తనమీద తానే వాలి గుబురవుతుంది. లేత కొమ్మల మీద, ఆకుల మీద సన్నటి నూగు. చెంపకు రాసుకుంటే దూడ చెవిలాగ మెత్తగా తగిలేది. పువ్వు మల్లెలాగ ముద్దగా ఉండదు. కొసదేలిన సన్నటి రేకలు, ఒకదానికి ఆరుంటే ఇంకొకదానికి ఏడు, ఎనిమిది. విచ్చుకుంటే చుక్కపొడుపే. గుత్తులు గుత్తులుగా పూస్తుంది.

మల్లెకు ఎండ కావాలి, మొల్లకు చలి కావాలి. సంక్రాంతి దాటి మాఘం వచ్చేసరికి ఆ గుబురంతా తెల్లబడేది. ఆము కాల్చిన మర్నాడు పెరడంతా బూడిద పరుచుకొని ఉండేది గదా, తెల్లారి లేచి చూస్తే ఆ బూడిద మీద తెల్లటి పూలు రాలి ఉండేవి. నా బాల్యం అంతా ఏమైందని ఎవరన్నా అడిగితే నాకు మొదట కనిపించేది ఆ నేలే. ఇంకా వెచ్చగా ఉండే బూడిద, దానిమీద చల్లటి పూలు, వాటిని ఒడిలో ఏరుకుంటున్న జేజి.

వాసన మాత్రం తక్కువ. ముక్కుకు ఆనించుకుంటే తప్ప తెలియదు. అందుకేనేమో బద్వేలు అంగట్లో దాన్ని మూరల లెక్కన అమ్మగా నేను చూడలేదు. కనకాంబరానికీ వాసన లేదు, కానీ దానికి రంగుంది. మొల్లకు రంగూ లేదు. జేజి మటుకు నాలుగు మొల్లలకు ఒక కనకాంబరం చొప్పున కలిపి కట్టి నా జడలో పెట్టేది. పలక పట్టుకొని బడికి పోతుంటే వెనకనుంచి చూసి మురిసిపోయేదని మా అమ్మ చెప్తుంటుంది. అంగట్లో లేని పువ్వు, జడల్లో లేని పువ్వు జనం నోట్లోనుంచీ పోతుంది. పువ్వే నోట్లో లేకపోయాక ఆ పేరు బిడ్డకు ఎవరు పెట్టుకుంటారు?

బడిలో చేరిన మొదటి వారమే నాకు ఇంకో పేరు వచ్చింది. మొలతాడు. ఎవరు మొదలుపెట్టినారో గుర్తులేదు, అందరూ అన్నారు. నేను ఏడ్చుకుంటూ కూర్చుంటే అయ్యవారు జాలిపడి, "రిజిస్టర్లో మల్లిక అని రాస్తానులేమ్మా, చదువుకున్న పిల్ల పేరులాగ ఉంటుంది" అన్నారు. ఆయన మంచికే అన్నారు. నేను ఎగురుకుంటూ ఇంటికి పోయి చెప్పినా. నాయన సరేనన్నాడు. ఆయనకు నన్ను పేరు పెట్టి పిలిచే తిప్పలు తప్పుతాయి గదా.

జేజి అప్పుడు కాళ్ళతో మన్ను తొక్కుతూ ఉంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకొని, గోడకు కట్టిన తాడు పట్టుకొని, ఆగకుండా తొక్కుతూనే అన్నది:

"నీకు బాగలేకుంటే మార్చుకో అమ్మీ. పేరు నీది. కానీ ఆ పేరుగలామె రామాయణం రాసింది. అది తెలుసుకొని మార్చుకో."

ఆ రాత్రి కొట్టంలో, ఆరబెట్టిన కడవల మధ్య పడుకొని, మొల్ల కథ మొదటిసారి విన్నాను. జేజికి అక్షరం రాదు. ఆమెకు తెలిసిందంతా వాళ్ళ అవ్వ చెప్పింది. గోపవరంలో కేసన అని ఒక కుమ్మరాయన ఉండేవాడంట. శ్రీకంఠ మల్లేశ్వరుడి భక్తుడు. మల్లేశ్వరుడికి పూలంటే ప్రీతి గదా, బిడ్డ పుడితే ఆ సామిని తలుచుకొని పువ్వు పేరు పెట్టుకున్నాడంట. ఆ బిడ్డ పెరిగి రాముడి కథ రాసింది. ఏ రాజుకూ ఇయ్యకుండా రాముడికే అంకితమిచ్చింది. "మన సారె ముందర కూచున్న ఆడబిడ్డ, అమ్మీ" అని జేజి ఆ మాట రెండుసార్లు చెప్పింది. నేను మల్లికను కాలేదు. మర్నాడు అయ్యవారి దగ్గరికి పోయి "మొల్ల అనే రాయండి సార్" అన్నాను. ఎందుకని అడగలేదు ఆయన, రాసుకున్నారు.

గోపవరం మాకు దగ్గరే, మా మండలాల వరసలోదే. నెల్లూరు వైపు వాళ్ళు మొల్ల మా మనిషి అంటారు, మేము మా మనిషి అంటాం. ఒక కుమ్మరామె కోసం రెండు జిల్లాలు పోటీపడటం నాకు ఎప్పుడూ సంతోషమే. పదహారో శతాబ్దం ఆమె కాలమని సాహిత్య చరిత్రల్లో రాస్తారు. ఆమె కావ్యాన్ని నేను డిగ్రీలో ఉండగా మొదటిసారి చేతిలోకి తీసుకున్నాను. గోపవరపు శ్రీకంఠ మల్లేశుడి వరంతో కవిత్వం చెప్పడం నేర్చుకున్నానని ఆమె నోటనే చూసినప్పుడు, జేజి మన్ను తొక్కుతున్న చప్పుడు వినబడింది నాకు. కవిత్వం ఎట్లుండాలో కూడా చెప్పింది ఆమె. తేనె నాలుక్కి తగిలీ తగలగానే నోరు తీపి అయినట్టు అర్థం తెలియాలంట. అట్లా కాకుండా గూఢమైన మాటలు పేర్చిన కావ్యం మూగవాళ్ళూ చెవిటివాళ్ళూ ముచ్చటాడుకున్నట్టు ఉంటుందంట. కాండ ముగిసినచోట తండ్రి పేరు చెప్పుకొని, "మొల్ల నామధేయ" అని తన పేరు పెట్టుకుంటుంది. మొల్ల అనేది పేరు. చేతిరాత పొరపాటు కాదు. ఆ పుటను జేజికి చూపించాలని ఆ సెలవుల్లో పుస్తకం ఊరికి తీసుకుపోయినా. చదవలేని ఆ కళ్ళతో ఆ అక్షరాలను చాలాసేపు చూసింది. "యాడుంది మన పేరు?" అన్నది. వేలు పెట్టి చూపించినా. తన వేలు దానిమీద పెట్టుకుంది. గోటిసందుల్లో మన్ను ఉన్నందుకు పుటమీద చిన్న మరక పడింది. ఆ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది.

సినిమా సంగతి చెప్పాలి. పద్మనాభం తీసిన "కథానాయిక మొల్ల" 1970లో వచ్చింది, మొల్లగా వాణిశ్రీ. పట్నాల్లో ఆడిన చాలా రోజులకు మా వైపు టెంటుకు వచ్చింది. నాయన బండి కట్టి అందరినీ తీసుకుపోయినాడు. కథ నాకేమీ గుర్తులేదు. తెరమీద "మొల్లా" అని ఎవరు పిలిచినా చీకట్లో జేజి నా చెయ్యి నొక్కడం ఒక్కటే గుర్తుంది. తిరిగొచ్చేటప్పుడు నిద్రపోతున్నానని అనుకొని మా అమ్మతో అన్నది: "ఇంగ సూడు, ఊరూరా ఈ పేరు పెట్టుకుంటారు."

పెట్టుకోలేదు. హైస్కూల్లో హాజరు పిలుస్తుంటే నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టుకునేదాన్ని. ఇద్దరు పద్మలు, ఒక సరోజ, ఒక కమల, ఒక మాలతి, కింది తరగతిలో కొత్తగా వస్తున్న శిరీషలు. అన్నీ పువ్వులే. మొల్లను నేనొక్కదాన్నే. చాలా ఏండ్ల తర్వాత దీని గుట్టు నాకు తట్టింది. మన ఇండ్లలో పువ్వు పేరు బిడ్డకు పెట్టాలంటే దానికి ముందు సంస్కృతం తొడగాలి. శిరీష అంటే అందరికీ ముద్దు, అదే పువ్వును దిరిసెన అంటే ఎవరూ పెట్టరు. వకుళ బాగుంటుంది, పొగడ బాగుండదు. కేతకి బాగుంటుంది, మొగలి బాగుండదు. పద్మ ఇంటింటా ఉంటుంది, తామర అనే బిడ్డను ఎక్కడన్నా చూసినామా? అచ్చతెలుగు పూలు పెరట్లో ఉండాలి, బడి రిజిస్టర్లో ఉండకూడదు. చామంతి, బంతి, మల్లి అని పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు గానీ వాళ్ళను కూడా పెద్దబడికి వచ్చేసరికి ఏదో ఒక సంస్కృతం పేరు కమ్మేసింది. మొల్లకు ఇంకొక అడ్డు కూడా ఉందని నాకనిపిస్తుంది. ఆ పేరు వినగానే జనం "కుమ్మర మొల్ల" అని కులంతో కలిపే పలుకుతారు. పద్యాన్ని మెచ్చుకుంటారు, పేరును మాత్రం మా వాడకే వదిలేస్తారు. దీన్ని ఫిర్యాదుగా చెప్పడం లేదు. ఇంత మంచి పేరు ఎందుకు పెరగలేదని జీవితమంతా ఆలోచించిన మనిషిగా చెప్తున్నాను.

1986లో హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద తెలుగువాళ్ళ విగ్రహాలు పెట్టినప్పుడు మొల్లను కూడా నిలబెట్టినారు. తర్వాతి ఏడు ఏదో పనిమీద నాయనతో పోయినా. ఎండ మండిపోతా ఉంది. ఒక్కొక్క దిమ్మె మీద పేరు చదువుకుంటూ నడిచినాం. ఆ విగ్రహం దగ్గరికి వచ్చేసరికి ఆయన చెప్పులు విడిచినాడు. ఆ రోజు, ఇరవై, ఇరవై ఒక్క ఏండ్ల తర్వాత, మా నాయన నన్ను మొదటిసారి పేరు పెట్టి పిలిచినాడు. "మొల్లా, ఇట్లా వచ్చి నిలబడు" అని.

పెండ్లయినాక మా ఆయన రైల్వే ఉద్యోగం నన్ను ఖరగ్‌పూర్ తీసుకుపోయింది. అక్కడ తెలుగువాళ్ళు రైల్వే వర్క్‌షాపు కాలంనుంచీ ఉన్నారు. శ్రీకాకుళం, విజయనగరం వైపువాళ్ళు ఎక్కువ. "ఏటి పేరమ్మా అది, కొత్తగా ఉందీ" అనేవాళ్ళు ముచ్చటగా. బెంగాలీ వాళ్ళయితే ఇంకో రకంగా తికమకపడేవాళ్ళు. అక్కడ మొల్లా అనేది ముస్లింల ఇంటిపేరు. రేషను కార్డు రాసేచోట, ఆసుపత్రి చీటీ దగ్గర, "ఇంటిపేరు తెలిసింది, మీ పేరు చెప్పండి" అనేవాళ్ళు. ఇదే నా పేరు, ఇది ఒక పువ్వు అని చెప్పేదాన్ని. ఏం పువ్వు అంటే చూపించడానికి నా దగ్గర పువ్వు లేదు. మల్లెలాంటిది అని చెప్పి ఊరుకునేదాన్ని. అట్లా చెప్పిన ప్రతిసారీ జేజికి అన్యాయం చేసినట్టుండేది.

అక్కడి రెండో చలికాలం. బెంగాల్లో సరస్వతీ పూజ మన శ్రీపంచమి రోజే, మాఘ శుద్ధ పంచమి. పిల్లలందరూ పుస్తకాలు తెచ్చి అమ్మవారి పాదాల దగ్గర పెడతారు, ఆ పొద్దు ఎవరూ చదవరు. మా క్వార్టర్ల నడుమ చిన్న పందిరి వేసినారు. పక్కింటి దీదీ వాళ్ళ పెరట్లోనుంచి ఇత్తడి పళ్ళెం నిండా పూలు తెచ్చింది. నేను పళ్ళెంలోకి చూసినా. సన్నటి రేకలు. ఆరు, ఏడు, ఎనిమిది.

"ఇదేం పువ్వు దీదీ?" అన్నాను. గొంతు పెగల్లేదు నాకు.

"కుందొ ఫూల్" అన్నది.

కుందం. చేతిలో ఒక పువ్వు పట్టుకొని అట్లే నిలబడిపోయినా. మా బడిలో రోజూ పొద్దున్నే కండ్లు మూసుకొని చెప్పిన శ్లోకం, తెలుగునాట పలక పట్టిన ప్రతి బిడ్డా చెప్పిన శ్లోకం, నా నోట్లోకి దానంతట అదే వచ్చింది. యా కుందేందు తుషార హార ధవళా. ఏ తల్లి కుందంలాగ, చందమామలాగ, మంచులాగ తెల్లగా ఉంటుందో. చదువులతల్లి తెలుపు ఎట్లుంటుందో చెప్పాల్సివచ్చి, చందమామకంటే ముందు ఈ పువ్వును తలుచుకున్నాడు ఆ శ్లోకం కట్టిన మనిషి. నన్ను మొలతాడు అని ఏడిపించిన పిల్లలు కూడా చేతులు జోడించుకొని, ప్రతిరోజూ, నా పేరుతోనే మొదలుపెట్టినారు. వాళ్ళకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇంటికి పోయి నిఘంటువు తీసినా. కుందము అంటే మొల్ల అని ఉంది. అమరకోశంలో దానికి మాఘ్యం అని ఇంకో పేరు, మాఘంలో పూస్తుంది కాబట్టి. కాళిదాసు మేఘసందేశంలో అలకాపురి ఆడవాళ్ళు చేతిలో తామర పట్టుకొని, ముంగురుల్లో లేత కుందాలు తురుముకుంటారు. మన కావ్యాల్లో కుందరదన అంటే మొల్లమొగ్గల్లాంటి పళ్ళున్న పడుచు. ఇంత దూరం నడిచొచ్చిన పువ్వు, మా పెరట్లో బూడిద మీద రాలింది.

ఆ రాత్రే జేజికి ఉత్తరం రాసినా. నాయన చదివి వినిపించాలని పెద్ద పెద్ద అక్షరాలతో రాసినా. శ్లోకమంతా రాసి, కుందం కింద గీత గీసి, పక్కన మొల్ల అని రాసి, ఎండిన పువ్వు ఒకటి లోపల పెట్టినా. పది రోజులకు జవాబు వచ్చింది. నాయన దస్తూరీ, జేజి మాట:

"సరస్వతమ్మ సంగతి నాకు తెలియదు అమ్మీ. ఆ వూర్లో ఆ చెట్టు ఉందని రాసినావు గదా, నాకు అదే సాలు. నువ్వు ఒక్కదానివే ఉంటావని దిగులుపడితి."

1996లో జేజి పోయింది. అప్పటికే స్టీలు బిందెలూ ప్లాస్టిక్ బిందెలూ వచ్చి ఆము చల్లారిపోయింది. వేసవి కడవలకు, కార్తీకంలో ప్రమిదలకు తప్ప సారె తిరిగేది కాదు. తమ్ముడు కొట్టం తీసేసి స్లాబు ఇల్లు కట్టినప్పుడు పెరడు వంటగది కిందికి పోయింది. వాడిని తప్పుపట్టను, పెరిగిన సంసారం. చెట్టు సంగతి నేను అడిగేదాకా వాడికి తోచనేలేదు. అడిగినాక మాత్రం వారం రోజులు నాకు ఫోను చేయలేదు.

2017లో మొల్ల పేరు మీద తపాలా బిళ్ళ వచ్చింది. ఎంతమంది నాకు ఆ బొమ్మ పంపినారో చెప్పలేను, నీ బిళ్ళ వచ్చిందే అని. అదే రోజుల్లో మా చుట్టాల్లో ఒకరు పాపకు పువ్వు పేరు కావాలని నన్ను అడిగినారు. నేను నా పేరు చెప్పినా. నవ్వి, జూహీ అని పెట్టుకున్నారు. ఇంకొకరు యాస్మిన్ అని. మంచి పేర్లే. రెండూ మొల్లకు అక్కచెల్లెళ్ళే, ఒకే కుదురు.

మా ఆయన రిటైరయి మేము తిరిగి వచ్చేటప్పుడు దీదీ ఇంటి చెట్టుకు అంటు కట్టించుకొని తెచ్చుకున్నా. కొమ్మను నేలకు వంచి, ఒక కణుపు మీద మన్ను కప్పి, కదలకుండా రాయి పెడితే నెలా రెండు నెలల్లో వేరు పోస్తుంది. రెండు రాత్రులు రైల్లో తడిగుడ్డ చుట్టి ఒళ్ళో పెట్టుకొని తెచ్చినా. తమ్ముడి ఇంటి మేడమీద, జేజి చేతి తొట్టి ఒకటి మిగిలి ఉంటే దాంట్లో నాటినాం. ఆ తొట్టి అంచు కింద జేజి పచ్చిమన్ను మీద గోటితో నొక్కిన గుర్తు ఉంటుంది. ఎనిమిది గాట్లు, గుండ్రంగా. చిన్నప్పుడు అది సింగారమనుకునేదాన్ని.

మొదటి ఏడు ఆకులే. రెండో ఏడు నాలుగు పూలు. ఈ మాఘంలో గోడమీదికి వంగి గుత్తులు గుత్తులుగా పూసింది. నేను మేడమీద బట్టలు ఆరేస్తున్నా. కింద వీధిలో ఎవరో కొత్తగా వచ్చిన ఆమె, తమ్ముడి కూతుర్ని అడుగుతోంది, "మీ మల్లెచెట్టు చలికాలంలో పూసిందేమ్మే?" అని.

ఆ పిల్లకు పదేండ్లు. జేజిని చూడలేదు. చేతిలో సైకిలు పట్టుకొని, తల ఎత్తి ఒకసారి పూలవైపు చూసి, నిదానంగా చెప్పింది.

"మల్లె కాదత్తా, మొల్ల."